మీరే బిగించుకోండి అని అమ్మి, మీరే బిగించారు కాబట్టి వారంటీ లేదంటే ఎలా?

కస్టమర్ కేర్ వాళ్ళకి, వాళ్ళ పైన ఈ మెయిల్ చదివి నిర్ణయం తీసుకోగల వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి కూడా,

విషయం: ఫోర్డ్ మస్టాంగ్ కోసం మీ దగ్గర కొన్న బాడీ ట్రిమ్ కిట్ (ముందు బంపర్ కింద అంచుకి పెట్టే ఫ్రంట్ లిప్, డోర్ల కింద పొడుగునా బిగించే సైడ్ స్కర్టులు, వెనక పక్క చిన్న అద్దం అంటే క్వార్టర్ గ్లాస్ మీద అతికించే పలకల కవర్లు, అవే లూవర్లు) గురించి, దానికి మీరు వారంటీ లేదన్నందుకు ఫిర్యాదు.

నమస్తే అండి.

నా మొదటి ఫిర్యాదుకి మీరిచ్చిన జవాబు చూశాను. రెండే లైన్లు. ప్రొఫెషనల్ ఇన్‌స్టాలర్ బిగించలేదు కాబట్టి వారంటీ వర్తించదట, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారట. ఫోటోలు ఎవరూ తెరిచి చూడలేదని ఆ రెండు లైన్లలోనే తెలిసిపోతోంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు ఒక మాట. మీ ప్రోడక్ట్ పేజీలో ఫోటో కిందే పెద్ద అక్షరాలతో "ఇంటి దగ్గరే మీరే బిగించుకోవచ్చు, డ్రిల్లింగ్ అక్కర్లేదు, అరగంట పని" అని ఉంది. ఇప్పటికీ ఉంది, ఈ మెయిల్ రాసేముందు కూడా చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. అది చదివే కదా కొన్నది. అమ్మేటప్పుడు ఎవరైనా బిగించుకోవచ్చు, ఊడిపోయాక మాత్రం ఎవరు పడితే వాళ్ళు బిగించకూడదు. ఇదేం లెక్కండీ? ప్రొఫెషనల్ తోనే బిగించాలి అనే షరతు ఉంటే అది కొనే ముందు కనపడాలి, డబ్బులు కట్టించుకున్నాక మెయిల్లో కాదు. బాక్స్ లో వచ్చిన వారంటీ కార్డు మీద కూడా ఆ ముక్క ఎక్కడా లేదు, రెండు వైపులా చదివా.

ఇక లూవర్ల సంగతి. అసలు గొడవ వీటితోనే, ఎందుకంటే లిప్ సరిగ్గా కూర్చోకపోతే చూడ్డానికి బాగోదు అంతే, లూవర్ రోడ్డు మీద ఊడితే వెనక వచ్చేవాడి ప్రాణం మీదకి వస్తుంది. హైవే మీద స్పీడ్ లో వెళ్తుంటే కుడివైపు లూవర్ ముందు అంచు లేచి గాలికి టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది, అద్దంలో చూసి మెల్లగా పక్కకి తీసి ఆపి చెయ్యి పెడితే మొత్తం ముక్క చేతిలోకి వచ్చేసింది, లాగక్కర్లేకుండానే. ఇంకొంచెం దూరం పోయుంటే ఎగిరిపోయేదే. ఇంటికొచ్చి రెండో వైపుది చూస్తే దానికీ పై మూల అప్పటికే వదిలేసి ఉంది.

మీరు అనబోయేది నాకు తెలుసు, సరిగ్గా క్లీన్ చెయ్యలేదు అంటారు. సరే చెప్తా వినండి. కారు షాంపూతో కడిగి ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళు సగం సగం కలిపి గ్లాస్ తుడిచా, అది దానంతటది ఆరిపోకముందే ఇంకో పొడి మైక్రోఫైబర్ బట్టతో తుడిచా (తడి ఆరిపోయేదాకా వదిలేస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది కాబట్టి). లూవర్ వెనక రెండు వైపులా అతుక్కునే టేపు మీరే వేసి పంపారు కదా, ముందు దాని పేపర్ తియ్యకుండా లూవర్ పెట్టి చూసుకుని, చుట్టూ మాస్కింగ్ టేప్ తో గుర్తులు పెట్టుకున్నా. నీడలో, గ్లాస్ చల్లగా లేనప్పుడు అతికించా, 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే ఈ టేపులకి మంచిదని వాటిని తయారుచేసే కంపెనీలే చెప్తాయి. అంచుల పొడుగునా బొటనవేళ్ళతో గట్టిగా ఒత్తుకుంటూ వచ్చా, ఎందుకంటే ఇది ఒత్తిడితో పట్టుకునే టేపు, ఊరికే ఆనించి వదిలేస్తే పట్టదు.

తర్వాత ఈ అక్రిలిక్ ఫోమ్ టేపు పూర్తి బలం రావడానికి టైం పడుతుంది, రూమ్ టెంపరేచర్ లో 20 నిమిషాలకి దాదాపు సగం, 24 గంటలకి 90 శాతం, మొత్తం రావాలంటే 72 గంటలు. ఆ టైం అంతా అయ్యేదాకా కారు తియ్యలేదు, కడగలేదు. మీ ఇన్‌స్ట్రక్షన్ పేపర్లో ఏముందో తెలుసా? "అతికించిన వెంటనే డ్రైవ్ చేయవచ్చు." పైగా దాని మీద బొమ్మ మస్టాంగ్ ది కూడా కాదు, ఏదో నాలుగు డోర్ల కారుది, దానికి ఈ లూవర్ పెట్టే చోటే ఉండదు. ఈ పేపర్ ని నమ్ముకుని చేసినవాళ్ళ గతేంటో నాకు తెలీదు, నేనైతే దాన్ని పక్కన పెట్టి పద్ధతిగా చేశా.

ఇప్పుడు అసలు పాయింట్. ఊడిపోయిన లూవర్ వెనక వైపు చూడండి, ఫోటో జతచేశా. టేపు లూవర్ మీద లేదు. టేపు మొత్తం గ్లాస్ మీదే ఉండిపోయింది, నీట్ గా, ఒక్క చోట కూడా లేవకుండా. దాన్ని తియ్యడానికి ఫిషింగ్ లైన్ తో కోసి మిగిలింది వేలితో ఉండలు చుట్టుకుంటూ లాగాల్సొచ్చింది, అంత గట్టిగా పట్టుకుంది. అంటే నేను క్లీన్ చేసి అతికించిన వైపు పట్టుకునే ఉంది. వదిలేసింది ఎక్కడ? మీ ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కి టేపు వేసిన వైపు. ఆ వైపు నేను ముట్టుకోనే లేదు కదండీ, టేపు వేసే వచ్చింది బాక్స్ లో. దీన్ని బిగించినవాడి తప్పు అని ఎలా అంటారో మీరే చెప్పండి.

నిజానికి అతికించే రోజే అనుమానం రావాల్సిన సంగతి ఒకటుంది, టేపు మీద కప్పి ఉండే ఎర్ర లైనర్ పేపర్ తీస్తుంటే ఒక మూల లైనర్ తో పాటు టేపే లేచొచ్చింది. అది చూసి వెంటనే మీ చాట్ లో అడిగితే "గట్టిగా ఒత్తండి సార్, సెట్ అయిపోతుంది" అన్నారు, ఆ చాట్ కూడా ఉంది నా దగ్గర. ఊడిన తర్వాత లూవర్ వెనక వైపు వేలితో రాస్తే జారుడుగా ఉంది, చుక్క నీళ్ళు వేస్తే గుండ్రంగా నిలబడింది, అదే చోట ఆల్కహాల్ తో తుడిచి మళ్ళీ చుక్క వేస్తే పరుచుకుంది. నాకు అర్థమైనంతలో మోల్డ్ లోంచి ముక్క సులువుగా రావడానికి కొట్టే రిలీజ్ ఏజెంట్ కడక్కుండానే మీవాళ్ళు టేపు వేసేశారు. కాదు అంటారా, మీ దగ్గర స్టాక్ లో ఉన్న లూవర్ ఒకటి తీసి ఇదే నీళ్ళ చుక్క టెస్ట్ చేసి చూడండి, రెండు నిమిషాల పని.

ఫ్రంట్ లిప్ గురించి. మీ పేజీలో "2015 నుంచి 2023 వరకు అన్ని మస్టాంగ్ లకి" అని ఉంది. ఈ కారు గురించి కొంచెం తెలిసిన ఎవర్ని అడిగినా చెప్తారు, 2018 మోడల్ కి ఫేస్‌లిఫ్ట్ వచ్చింది, అంటే ముందు బంపర్, హుడ్ (బానెట్), హెడ్‌లైట్లు మారాయి. 2015-17 బంపర్ కి చేసిన లిప్ 2018 తర్వాత బండికి కూర్చోదు. లూవర్లకి ఆ తేడా లేదు, వెనక క్వార్టర్ గ్లాస్ మారలేదు కాబట్టి ఆ సంవత్సరాలు వాటికి కరెక్టే, బహుశా మీవాళ్ళు లూవర్ల సంవత్సరాలే లిప్ కి కూడా కాపీ కొట్టి పెట్టారు. నా బండి ఫేస్‌లిఫ్ట్ తర్వాతది అని ఆర్డర్ చేసేటప్పుడు ఫామ్ లో నింపా కూడా. మధ్య ముక్క పర్లేదు, రెండు మూలల దగ్గర మాత్రం చిటికెన వేలు దూరేంత గ్యాప్.

దానికి మీ చాట్ లో ఇచ్చిన సలహా వింటే మీకే నవ్వొస్తుంది, హీట్ గన్ తో వేడి చేసి వంచమన్నారు. మీ కిట్ చేసిన ఏబీఎస్ ప్లాస్టిక్ వంద డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే మెత్తబడిపోతుంది, హీట్ గన్ లోంచి వచ్చే గాలి అంతకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, పక్కనే బంపర్ పెయింట్. లిప్ వంకరపోయినా బంపర్ పెయింట్ బొబ్బలు వచ్చినా అప్పుడు కూడా "మీరే కదా చేశారు" అనేవాళ్ళు. నేను చెయ్యలేదు.

రెండో సలహా ఇంకా గొప్పది, చివర్లు ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచుకి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కొట్టి లాగి పట్టుకోమన్నారు. డ్రిల్లింగ్ అక్కర్లేదన్న మాట ఎటు పోయింది అది పక్కన పెడదాం. ఈ కారు ముందు ఫెండర్లు అల్యూమినియం అండీ, అయస్కాంతం పెడితే పట్టదు. పెయింట్ కోసి అల్యూమినియంలోకి స్టీల్ స్క్రూ దింపితే, నీళ్ళు ఉప్పు తగిలేకొద్దీ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినేస్తూ పోతుంది, స్క్రూ చుట్టూ పెయింట్ కింద తెల్లగా పొంగుతుంది. మస్టాంగ్ పార్టులు అమ్మేవాళ్ళకి మస్టాంగ్ ఫెండర్ దేనితో చేశారో తెలియకపోతే ఇంకేం చెప్పాలి.

సైడ్ స్కర్టులు. ఇవి బిగించిన రోజు సాయంత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, నిజం చెప్పాలి కదా, కారు కిందకి దిగినట్టు కనపడి చాలా ముచ్చటేసింది. మర్నాడు ఎండలో పెట్టేసరికి స్క్రూకి స్క్రూకి మధ్య పొంగి, ముందు నుంచి చూస్తే పాము పాకినట్టు వంకర్లు. కారణం పెద్ద రహస్యం కాదు. ఏబీఎస్ వేడికి స్టీల్ కన్నా ఆరేడు రెట్లు సాగుతుంది. మీటరున్నర పొడుగు ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే పొడుగు స్టీల్ ఒక మిల్లీమీటర్ కూడా పెరగదు. ఎండలో నల్ల ప్లాస్టిక్ కి ఆ వేడి పెద్ద లెక్క కాదు. అందుకే పొడుగు ట్రిమ్ ముక్కలకి మధ్యలో ఒక్క రంధ్రం గుండ్రంగా పెట్టి మిగతావి కోలగా చేస్తారు, ముక్క అటూ ఇటూ జరగడానికి. మీ స్కర్టులకి అన్నీ గుండ్రటి రంధ్రాలే, స్క్రూ సైజుకి సరిగ్గా బిగుతుగా. పెరిగిన ఆ 5 మిల్లీమీటర్లు ఎటు పోవాలి మరి, బయటికే పొంగుతుంది. నేను స్క్రూలు లూజ్ చేసి చూశా, కొంత తగ్గింది కానీ అప్పుడు ఊగుతోంది. ఇది డిజైన్ లోపం, ఏ ప్రొఫెషనల్ బిగించినా ఇంతే. ఇంకోటి, వెనక చివర సరిగ్గా జాకీ పెట్టే చోటుకి అడ్డం వస్తోంది, టైర్ మార్చాలంటే స్కర్ట్ విప్పాలి.

కార్బన్ ఫైబర్ ఫినిష్ గురించి ఎక్కువ మాట్లాడను, ప్లాస్టిక్ మీద ప్రింట్ అని తెలిసే కొన్నా. కాకపోతే పేజీలో ఫోటో నిజం కార్బన్ ముక్కది, వచ్చినదాని అంచుల దగ్గర నేత డిజైన్ సాగిపోయి మసకగా ఉంది. ఫోటో మార్చండి చాలు.

ఇప్పుడు నాకు కావాల్సింది. మొత్తం కిట్ డబ్బులు వాపసు ఇవ్వాలి, కొత్త పీసులు వద్దు, అదే ఫ్యాక్టరీ నుంచి అదే లూవర్ వస్తే మళ్ళీ అదే కథ. వాపసు తీసుకెళ్ళే ఖర్చు మీదే. స్కర్ట్ అంచు ఊగి రాసుకుని వెనక చక్రం ముందు పెయింట్ గీసుకుపోయింది, అక్కడ టచప్ చేయించిన బిల్లు పంపుతా, అదీ మీరే కట్టాలి. ఇవి నా లెక్కలు.

వీటికన్నా ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది, ఇదే బ్యాచ్ లూవర్లు కొన్న మిగతావాళ్ళందరికీ మెయిల్ పెట్టండి, హైవే ఎక్కే ముందు అంచులు లాగి చూసుకోమని చెప్పండి. దీనికి నాకు జవాబిచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈరోజే పంపొచ్చు. మీకు కొంచెం పరువు తక్కువ అనిపించొచ్చు గానీ ఎవరి లూవరో వెనక వచ్చే బైక్ వాడి మొహానికి తగిలితే అప్పుడు రాయాల్సిన మెయిల్ ఇంతకన్నా చాలా కష్టం. అలాగే పేజీలో లిప్ సంవత్సరాలు సరిచెయ్యండి, ఆ నాలుగు డోర్ల బొమ్మ ఉన్న పేపర్ తీసేసి, క్లీనింగ్ ఎలా చెయ్యాలో ఎంతసేపు ఆగాలో రాసిన పేపర్ పెట్టండి. ప్రొఫెషనల్ తప్పనిసరి అనేదే మీ పాలసీ అయితే "మీరే బిగించుకోవచ్చు" అనే మాట తీసెయ్యండి. రెండూ ఒకేసారి కుదరవు.

"మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపాము" అనే ఆటోమేటిక్ జవాబు వద్దు, అది ఇప్పటికే వచ్చింది. వారంలోగా పేరుతో సంతకం పెట్టిన మనిషి దగ్గర్నుంచి జవాబు రాకపోతే ఇదే మెయిల్, చాట్ స్క్రీన్‌షాట్లు, ఫోటోలు పట్టుకుని వినియోగదారుల కోర్టుకి వెళ్తా.

లూవర్లు రెండూ, కోసి తీసిన టేపు స్ట్రిప్పులు, ఆ ఇన్‌స్ట్రక్షన్ పేపర్ అన్నీ ఒరిజినల్ బాక్స్ లోనే పెట్టి ఉంచా. లిప్, స్కర్టులు కూడా విప్పేశా. పికప్ కి మనిషిని ఎప్పుడు పంపుతారో తేదీ రాయండి, వచ్చే ముందు ఫోన్ చెయ్యమనండి. తీసుకున్నట్టు రసీదు ఇస్తేనే బాక్స్ ఇస్తా.

ఇట్లు,
మీ కిట్ కొన్న కస్టమర్
(ఆర్డర్ వివరాలు, బిల్లు, ఫోటోలు జతచేశాను)