నాన్నగారికి, పాప ఇంగ్లీషు గురించి

లెస్టర్, ఇంగ్లండ్,
ఆదివారం సాయంత్రం.

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. చలికి ఇంట్లో హీటరు ఉంది, అమ్మ పంపిన శాలువా ఉంది. మీరు టీవీలో చూసి బెంగపడే మంచు మా ఊళ్ళో ఇంకా పడలేదు. నా ఉద్యోగం మామూలే, పాఠాలు, దిద్దాల్సిన పేపర్ల కట్టలు. జగ్గన్నతోట తీర్థం ఫొటోలు అందాయి. అన్నింట్లోనూ అమ్మ కూర్చునే ఉంది. మోకాలు మళ్ళీ పట్టేసిందా? నిజం రాయండి.

మీ ఉత్తరంలో మూడో పేజీ అంతా పాప చదువు మీదే ఉంది. "రెండేళ్ళకి రెండు నాటకాలు, ఒక నవల, పదిహేను కవితలా? మా హైస్కూల్లో పిల్లలు ఏడాదికే అంతకంటే ఎక్కువ చదివేవారు" అన్నారు. కోపం రాలేదు గానీ రెండు రోజులు ఆగి రాస్తున్నాను. చదివేది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ కథ అడగరు నాన్నగారూ. కథ తెలుసని వాళ్ళకి ముందే తెలుసు. షేక్‌స్పియర్ నాటకం మాక్బెత్ అయితే "మాక్బెత్ భార్య ఎంతవరకు బలమైన మనిషి" లాంటి ప్రశ్న వేస్తారు. ఆ "ఎంతవరకు"కి జవాబు చెప్పి, నాటకంలోంచి మాటలు పట్టుకొచ్చి నిరూపించాలి.

పాప రాయబోయేది జీసీఎస్ఈ, మన పదో తరగతి పరీక్ష లాంటిది. వాళ్ళ బడిది ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు. సాహిత్యానికి రెండు పేపర్లు. మొదటిది గంటా నలభై ఐదు నిమిషాలు, 64 మార్కులు: షేక్‌స్పియర్‌కి 34, పంతొమ్మిదో శతాబ్దపు నవలకి 30. రెండోది రెండుంపావు గంటలు, 96 మార్కులు: ఆధునిక నాటకానికి 34, చదివిన కవితల్లో రెండింటిని పోల్చడానికి 30, అంతకు ముందెప్పుడూ చూడని కవితలకి 32. భాషకి ఇవి కాక ఇంకో రెండు పేపర్లు. పుస్తకం లోపలికి తీసుకెళ్ళనివ్వరు. షేక్‌స్పియర్‌కీ నవలకీ ఒక ముక్క అచ్చువేసి ఇస్తారు, అక్కణ్ణించి మొదలుపెట్టి పుస్తకం మొత్తం మీద రాయాలి. కవితల్లో ఒకటి ఇస్తారు, జోడీగా పెట్టే రెండోది బుర్రలోంచి రావాలి. ఆధునిక నాటకానికైతే ప్రశ్న తప్ప ఏమీ ఇవ్వరు.

కాబట్టి "అక్కడ కంఠతా పట్టడం లేదుట గదా" అన్న దిగులు మానండి. ఉంది. కాకపోతే పొడుగు తక్కువ. మూడు నాలుగు మాటల కొటేషన్లు, పుస్తకానికి పన్నెండో పదిహేనో. రెండు మూడు రకాల ప్రశ్నలకి పనికొచ్చేదే ఎంచుకోవాలి. మాక్బెత్‌లో నెత్తురు మరకల మాట ఒకటి పట్టుకుంటే పశ్చాత్తాపానికీ, హింసకీ, భార్యాభర్తల సంబంధానికీ పనికొస్తుంది. పిల్లలు చేసే తప్పు, ఆరు పాదాల కొటేషన్ బట్టీపట్టి, అది రాయడానికే ఐదు నిమిషాలు ఖర్చుపెట్టడం. పొడుగుకి మార్కుల్లేవు.

మీరు నవ్వుతారేమో గానీ, వీళ్ళు నేర్పేది మన తెలుగు మాష్టారి పనే. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషం. మీరు పద్యం పక్కన పెన్సిలుతో సన్నగా రాసుకునేవారే, అదే. మన పరీక్షల్లో సందర్భసహిత వ్యాఖ్య ఉండేది కదా, దాన్ని పేజీన్నరకి సాగదీసి వాదన కలిపితే ఇక్కడి వ్యాసం.

బుజ్జిగాడికీ, అరుగు మీద ట్యూషనుకొచ్చే మిగతా వాళ్ళకీ ఇది ఎలా చెప్పాలో అడిగారు. వాడి పదో తరగతి పుస్తకంలో ఉన్న కవిత, అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ఫైర్ అండ్ ఐస్ తీసుకోండి. 1920 నాటిది, తొమ్మిదే పాదాలు. మొదట పెన్సిలు ముట్టుకోకుండా రెండుసార్లు పైకి చదివించండి. తరవాత రెండు వాక్యాల్లో తాత్పర్యం, తెలుగులో చెప్పినా సరే: లోకం నిప్పుతో పోతుందని కొందరు, మంచుతో పోతుందని కొందరు అంటారు, కోరిక నిప్పు, ద్వేషం మంచు, రెండూ చాలినంత పని చేస్తాయి. ఇక్కడ ఆగిపోతే గైడులో ఉన్నదే అవుతుంది. అసలు పని దీని తరవాతే.

పాదాల పొడుగు లెక్కపెట్టించండి. ఆరు పాదాల్లో ఎనిమిదేసి అక్షరాలు, అంటే సిలబుల్స్. రెండు, ఎనిమిది, తొమ్మిది పాదాల్లో నాలుగే. చివరి రెండూ ఎందుకు చిక్కిపోయాయి అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. ఎవడో ఒకడు "మాట తెగిపోయినట్టుందండి" అంటాడు, అది చాలు. తరవాత అంత్యప్రాసలు. మంచు మొదటిసారి రెండో పాదంలో కనిపిస్తుంది. ఆ "ఐస్" చప్పుడు "ట్వైస్"లో, "సఫైస్"లో దాక్కుని చివరిదాకా వస్తుంది. నిప్పు చప్పుడు నాలుగో పాదంతో ఆరిపోతుంది. నోటితో నేను నిప్పు పక్షం అంటూనే చెవికి మంచునే వినిపిస్తున్నాడు. ఇది ఏ గైడులోంచో రానక్కర్లేదు, వేలు పెట్టి లెక్కపెడితే కనిపిస్తుంది.

ఆఖరి మాట "సఫైస్" మీద ఇంకొంచెం సేపు ఉండండి. విస్తట్లో వడ్డిస్తుంటే చెయ్యి అడ్డుపెట్టి అంటామే, "చాలు, సరిపోతుంది" అని, ఆ మాట అది. లోకం అంతమైపోవడం గురించి మాట్లాడుతూ వడ్డన మాట వాడాడు.

ఇప్పుడు రాయించండి. చెడ్డ పేరా ఎలా ఉంటుందో ముందు చూపించాలి: "కవి అంత్యప్రాస వాడాడు. దానివల్ల కవితకి అందం వచ్చింది. పాఠకుడికి ఆసక్తి కలుగుతుంది." ఇందులో ఒక్క ముక్క అబద్ధం కాదు, అయినా దేనికీ పనికిరాదు. ఏ కవితకైనా అతికించొచ్చు గనక. మంచిది ఇలా ఉండాలి: "ద్వేషం పెద్ద చప్పుడు లేకుండా నాశనం చేస్తుందని కవి అంటున్నాడు. లోకం అంతానికి 'సఫైస్' అనే మామూలు మాట వాడి, అంత ఘోరాన్ని చిన్న లెక్కలా చేశాడు. ఆ చల్లని గొంతే అతను చెప్పే మంచు." ముందు మాట, తరవాత చిన్న కొటేషన్, ఆ కొటేషన్లో ఒక పదం విప్పడం, ఆ పదమే ఎందుకు వాడాడో చెప్పడం. మొదట్లో పేరాకి ఐదు వాక్యాలు మించనివ్వకండి. "నేను నిప్పు పక్షం" అంటున్నది కవితలో గొంతు, అది ఫ్రాస్ట్ సొంత నమ్మకమేనని రాయనివ్వకండి. మా పిల్లలూ ఇదే తప్పు చేస్తారు.

ఇంకో గొయ్యి, చరిత్ర కుమ్మరించడం. షేక్‌స్పియర్ 1564లో పుట్టాడు, ఇన్ని నాటకాలు రాశాడు అంటూ పేజీ నింపేస్తారు. షేక్‌స్పియర్ 34లో స్పెల్లింగు వగైరాకి 4 పోను, మిగిలిన 30 మార్కుల్లో కాలం, సందర్భం వాటా 6. రాజు హత్య గురించి రాసేటప్పుడు, 1605లో జేమ్స్ రాజు ఉన్న పార్లమెంటుని పేల్చేయాలని కుట్ర జరిగింది, ఆ భయం చూసేవాళ్ళలో ఇంకా పచ్చిగా ఉంది అని ఒక్క వాక్యం, అదీ వాదన మధ్యలో పెడితే సరిపోతుంది. విడిగా పేరా కడితే ఆ పేరా దండగ.

ఛందస్సు మీకు నచ్చుతుందని అట్టేపెట్టాను. మాక్బెత్‌లో దొరలు మాట్లాడే పాదం ఐదు వగణాలు, లగం లగం లగం అంటూ పోతుంది. మంత్రగత్తెలు రాగానే తిరగబడుతుంది: హగణాలు, గలం గలం అంటూ, పాదానికి నాలుగు. అర్థం తెలియకముందే వీళ్ళు మనవాళ్ళు కారని చెవికి తెలిసిపోతుంది. ఒక్కటే జాగ్రత్త. మనకి గురులఘువులు మాత్రల్ని బట్టి, ఇంగ్లీషులో నొక్కి పలకడాన్ని బట్టి. దీర్ఘం కనిపించింది కదా అని గురువు పెడితే తప్పుతుంది. పాపకి ఆటవెలది చెప్పబోతే విసుక్కుంది గానీ ఇది చెప్పాక బల్ల మీద దరువు వేసుకుంటూ తిరిగింది.

చిన్నన్నయ్య తోటలో తెల్లదోమ తగ్గిందా? ఆకుల మీద నల్లగా మసి పట్టిందని క్రితంసారి రాశాడు. పూతరేకుల పార్సిలు చేరింది. పొడైపోయాయి, చెంచాతో తిన్నాం, అమ్మకి చెప్పకండి.

వ్యాకరణం చెప్పరా అని అడిగారు. విడిగా తక్కువ. కానీ భాష మొదటి పేపర్లో వర్ణనకో కథకో 40 మార్కులు, అందులో 16 అచ్చంగా వాక్యం, కామా, స్పెల్లింగు వగైరాకే. మన పిల్లలకి అక్కడే దెబ్బ. కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు, తెలుగు బాగా రావడం. "రేవు దాటించే పంటు వచ్చింది, జనం దిగారు, మేం ఎక్కాం." తెలుగులో చక్కటి వాక్యం. ఇంగ్లీషులో ఆ కామాలు చెల్లవు. మధ్యలో ఫుల్‌స్టాప్ పడాలి, లేదా చివరిదానికి ముందు "అండ్" పడాలి. రెండోది, "రేవు దాటుతుంటే కొబ్బరిచెట్లు అందంగా కనిపించాయి." మనకి ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో "ఇంగ్" పెట్టి మొదలెడితే రేవు దాటింది కొబ్బరిచెట్లే అవుతాయి. కర్త మారకూడదు. "వచ్చి, తిని" లాంటి క్త్వార్థకాల్లో కర్త ఒక్కడే ఉండాలని మీరు చెప్పేవారు కదా, ఆ లెక్కనే చెప్పండి, చటుక్కున ఎక్కుతుంది. ఇక ఆర్టికల్స్. వినేవాడు "ఏ పంటు?" అని అడగాల్సి వస్తే "ఎ", అడగక్కర్లేకపోతే "ద". అన్ని చోట్లా నిలబడే సూత్రం కాదు గానీ, సగానికి పైగా తప్పులు దీంతో పోతాయి.

వర్ణనకి మన గోదావరి మీది కోటిపల్లి రేవు ఇవ్వండి. "మా ఊరు పచ్చదనంతో ఎంతో అందంగా ఉంటుంది" అని ఎవరైనా మొదలెడితే కాగితం తిరిగిచ్చేయండి. ఆ వాక్యం రాయడానికి కోనసీమలో పుట్టక్కర్లేదు. పరీక్షలో దీనికి నలభై ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు ఆలోచన, ముప్ఫై ఐదు రాయడం, ఐదు దిద్దుకోవడం. దూరం నుంచి మొదలు: పొగమంచులో అవతలి ముక్తేశ్వరం ఒడ్డు కనిపించకపోవడం. దగ్గరికి రండి: పంటు చెక్క మీద తడి టైరు గుర్తులు. ఇంకా దగ్గరికి: బుట్టలో కోడి కాలికి కట్టిన ఎర్ర గుడ్డపేలిక. తరవాత ఏదో ఒక్కటి మారాలి, ఇంజను ఆగిపోవడమో, మంచు విడిపోవడమో. మళ్ళీ దూరం. అంతే, హత్యలూ వరదలూ వద్దు. కథలు పాడైపోయేది ఎక్కువ జరగడం వల్లే. నామవాచకం సరైనది దొరికితే విశేషణం అక్కర్లేదని చెప్పండి. "అందమైన పెద్ద పడవ" కంటే "నావ", "పంటు" వేరువేరు బొమ్మలు కడతాయి. వర్తమానంలో మొదలెట్టి భూతకాలంలోకి జారిపోతారు, అది మార్జిన్లో "కాలం" అని రాసి వదిలేయండి, వాళ్ళే వెతుక్కుంటారు.

దిద్దడం గురించి ఒక్క మాట, తప్పుగా అనుకోకండి. ఎర్ర పెన్నుతో అన్నీ కొట్టేస్తే పిల్లాడు మార్కు చూసి కాగితం మడిచేస్తాడు. కాగితానికి రెండు రకాల తప్పులే పట్టండి, ఈ వారం కామాలు, వచ్చే వారం ఆర్టికల్స్. దిద్దాక ఒక్క పేరా మళ్ళీ రాయించండి. వ్యాసమంతా కొత్తగా రాయించడం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది. బుజ్జికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి వాడికి ఇప్పుడే కొత్త పద్ధతి మొత్తం రుద్దకండి. వారానికి ఒక కవిత, ఒక పేరా. వాళ్ళ పేపరుకి గైడు జవాబు కొంత అవసరమే, నేను కాదనను.

పాప తెలుగు పోతోందని మీరు రాయలేదు గానీ పంక్తుల మధ్య కనిపించింది. చదవగలదు, రాయడం నెమ్మది. మీ ఉత్తరం తనే పైకి చదివింది, "సందర్భం" దగ్గర మాత్రం ఆగింది.

తను రాసిన పేరా ఒకటి ఈ కాగితం వెనక ఉంది, మంత్రగత్తెల మీద. ఆరో వాక్యంలో కామా తప్పుంది, నేను చెప్పలేదు. మీరే దిద్ది పంపండి. అమ్మ మందు పేరు కూడా రాయండి, ఇక్కడ డాక్టరుని అడుగుతాను.

మీ
చిన్నమ్మాయి