మంచినీళ్లకు బీరు వేషం

సంపాదకుల వారికి,

అల్యూమినియం టిన్నుల్లో మంచినీళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి వారం దాటినా ఒళ్లుమంట తగ్గలేదు. ‘ప్లాస్టిక్ లేదు, ఎన్నిసార్లయినా రీసైకిల్’ అని కంపెనీవాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చేశారు.

టిన్ను లోపల పాలిమర్ పూత, అంటే ఒకరకం ప్లాస్టిక్ పొరే, ఉంటుందండీ. లేకపోతే నీళ్లలోని క్లోరైడ్లు రేకును తొలిచేస్తాయి. గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు. సోడా అయితే దాని గ్యాసే గోడను నిలబెడుతుంది. మామూలు నీళ్లకు ఆ బలం లేదు గనక మూత బిగించే ముందు ఒక చుక్క ద్రవ నైట్రోజన్ వేస్తారు, అది ఆవిరై లోపలినుంచి గోడను నిలబెడుతుంది. చుక్క తక్కువైతే పెట్టెలో కింది వరుస సొట్టలు పోతుంది, మరీ ఎక్కువైతే అడుగు ఉబ్బుతుంది. అర లీటరు నీళ్లకు ఇంత హంగామా! రింగు లాగాక మళ్లీ మూత పెట్టే వీలూ లేదు. మీటింగుల్లో సగం తాగి వదిలేసినవన్నీ సింకుపాలే.

అమెరికాలో లిక్విడ్ డెత్ అనే కంపెనీ 2019 నుంచి పుర్రె బొమ్మ వేసి అమ్ముతున్నదీ నీళ్లే. చేతిలో బీరు టిన్నులా కనబడాలి, అంతే. మా బెంగళూరు ఇందిరానగర్ కుర్రాళ్లకు ఆ సరదా ఉంటే ఉండనీయండి, దానికి పర్యావరణ సేవ అని పేరు పెట్టకండి.

కొత్తగా కిలో అల్యూమినియం తీయాలంటే 13 నుంచి 15 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో అది చాలావరకు బొగ్గు కరెంటే. పాతది కరిగిస్తే అందులో 5 శాతం శక్తి చాలు, నిజమే. కానీ గిన్నెలు, కిటికీ ఫ్రేములతో కలిపి కరిగిస్తే వచ్చే దిమ్మ మళ్లీ టిన్నుకు పనికిరాదు. పల్చటి రేకు కదా, కొలిమిలో కొంత తెట్టుగా మాడిపోతుంది కూడా. గుజరీ కొట్లవాళ్లు ఏరబట్టి ఈమాత్రమైనా వెనక్కొస్తోంది. చెత్తను ఇంట్లోనే వేరు చేయమని 2015లో కర్ణాటక హైకోర్టు చెప్పిన ‘రెండు బుట్టలు, ఒక సంచి’ పద్ధతి ఏమైందో చెత్త ఆటోలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. ఈలోగా బెంగళూరు నగరపాలిక పేరు మారింది, ఒక కార్పొరేషన్ కాస్తా ఐదైంది. బోర్డులు మాత్రం కొత్తవి!

పదేపదే నింపుకునే 20 లీటర్ల క్యాన్ మన దగ్గర ఉండనే ఉంది. గీతలు పడి, రంగు మారినవి కూడా ఇంకా తిరుగుతున్నాయి, వాటిని ఎలా కడుగుతున్నారో అడిగే నాథుడు లేడు. నాణెం వేసి నీళ్లు పట్టుకునే కేంద్రాల్లో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఎంతో గోడ మీద రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? వచ్చే ఆదివారం దాని మీద ఒక పేజీ వేయండి, ప్రకటన రాకపోయినా సరే.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు