బందరును రాబోయే రేవుగా మాత్రమే చూడకండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

విజయవాడలో ఉండేవారు రోజుకు నాలుగుసార్లయినా బందరు రోడ్డు పేరు పలుకుతారు, బందరు కాలువ వంతెన దాటుతారు. ఆ రోడ్డు పట్టుకుని డెబ్బై కిలోమీటర్లు ప్రయాణిస్తే వచ్చే ఊరి సంగతి అడిగితే మాత్రం లడ్డు పేరు చెప్పి ఊరుకునేవారే ఎక్కువ. ఇప్పుడు ఓడరేవు నిర్మాణం పుణ్యమా అని మా బందరు, అంటే మచిలీపట్నం, పేరు పత్రికల్లో తరచుగా కనబడుతోంది. అందుకు సంతోషమే. అయితే ఆ రాతల్లో చాలావాటిలో, ఇన్నాళ్లూ ఇక్కడ ఏమీ లేనట్టు, రేవు వచ్చాకే ఊరికి ప్రాణం వస్తుందన్నట్టు ఒక ధోరణి కనిపిస్తోంది. ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడి పిల్లలకే చదువు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా ఆ ధోరణిని సరిదిద్దవలసిన బాధ్యత నాకూ ఉందనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

బందరు అన్న మాటకే పారశీకంలో రేవు అని అర్థం. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలంలో వారి రాజ్యానికి ప్రధానమైన సముద్రద్వారం ఇదే. ఇక్కడ సరుకు నింపుకున్న ఓడలు పర్షియాకు, అరేబియా తీరానికి, బర్మాలోని పెగూకు, సుమత్రాకు వెళ్లేవి. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివారు వచ్చి వర్తకశాల పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు దిగారు. ఆ తరువాత ఫ్రెంచివారూ వచ్చారు. ఈ చరిత్ర తెలుసుకోవడానికి గ్రంథాలు తిరగేయనక్కరలేదు, మా పేటల పేర్లు చదివితే చాలు. డచ్చివారిని మన పెద్దలు వలందులన్నారు కనుక వలందపాలెం, ఫ్రెంచివారిని పరాసులన్నారు కనుక పరాసుపేట, వాటికి తోడు ఇంగ్లీషుపాలెం. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. వాళ్లకు మనవాళ్లు పెట్టిన పేర్లు మాత్రం ఈనాటికీ ఇళ్ల చిరునామాల్లో ఉన్నాయి.

వాళ్లు సముద్రాలు దాటి వచ్చింది ప్రధానంగా మన బట్ట కోసం. ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే కలంకారీ అన్న మాట అందరికీ తెలిసినా, దాని వెనకున్న శ్రమ తెలిసినవారు తక్కువ. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు గీస్తారు. మచిలీపట్నంలోనూ, పక్కనున్న పెడనలోనూ టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో అద్దకం చేస్తారు. నూలు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి, కరక్కాయ కషాయం పట్టిస్తారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవంతో అచ్చు వేయగానే, బట్టలోని కరక్కాయతో కలిసి అది నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటికతో అచ్చు వేస్తారు. తరువాత పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వంటి వేళ్లు వేసిన కాగుల్లో ఉడికిస్తే, పటిక తగిలిన మేరకే ఎరుపు నిలుస్తుంది. మిగతా రంగులు ఆపైన. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, మళ్లీ ఉతకడం, మళ్లీ ఎండబెట్టడం. అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పువ్వు చెదిరిపోతుంది. కొలబద్దేమీ లేకుండా, గజాల కొద్దీ బట్టమీద, అరచేత్తో అచ్చును కొడుతూ అంచుకు అంచు కలుపుకుంటూ పోయే ఆ చేతులను చూసినప్పుడల్లా నాకు ఈ ఊరివాడినైనందుకు గర్వంగా ఉంటుంది.

కోరమండల్ తీరపు ఈ అద్దకం బట్టలు యూరపులో ఎంతగా అమ్ముడుపోయాయంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరింత కఠినంగా చట్టాలు చేసింది. మన చేతిపనికి జడిసి రాజ్యాలు చట్టాలు చేసుకున్న సంగతి మా పిల్లల పాఠాల్లో ఎక్కడో ఒక మూల ఉంటే ఉండవచ్చు, కానీ అది ఈ ఊరి నడిబొడ్డున ఉండవలసిన విషయం. ఈనాడు ఆ అద్దకానికి ఎదురవుతున్న చిక్కులు వేరు. రసాయన రంగులతో స్క్రీన్ మీద తీసిన బట్ట కలంకారీ పేరుతోనే అంగళ్లలో చవకగా దొరుకుతోంది. పైగా అద్దకానికి పారే మంచినీరు కావాలి, మాదేమో కాలువ శివారు. ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు దక్కినంత మాత్రాన కొనేవాడికి అసలేదో నకలేదో తెలిసిపోదు.

ఇక మా ఊళ్లోనే ఉన్న చిలకలపూడి సంగతి. రాగి వంటి లోహం మీద పలుచని బంగారు రేకు తాపడం చేసి ఇక్కడివారు తయారుచేసే రోల్డుగోల్డు నగలు, బంగారం కొనలేని ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లను నిలబెట్టాయో లెక్కలేదు. కూచిపూడి నర్తకుల ఆహార్యానికీ ఆ నగలు పనికివస్తాయి. ఆ కూచిపూడి కూడా మా కృష్ణా జిల్లాలోనిదే. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. శనగపిండితో వేసిన పూసను రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో, నేతితో మళ్లీ తొక్కుతారు కనుకనే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. ఇక్కడ అద్దకమైనా, నగయినా, తినుబండారమైనా, ఓర్పుతో చేతులు చేసిన పనే.

ఈ ఊరు ఎంత పోగొట్టుకుందో కూడా చెప్పాలి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. లోతు చాలక పెద్ద ఓడలు తీరానికి దూరంగా ఆగవలసి రావడంతో వర్తకం ఇతర రేవులకు తరలిపోయింది. అయినా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడే పుట్టింది, ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో దశాబ్దాలపాటు తెలుగువారికి ఆలోచన నేర్పింది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, చదువుతో పాటు చేతిపనులూ నేర్పించారు. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకును ఇక్కడే ప్రారంభించారు. 2020లో అది మరో బ్యాంకులో విలీనమైనప్పుడు, ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు బాధపడినవాళ్లను నేనెరుగుదును. పత్రిక, కళాశాల, బ్యాంకు, ఈ మూడూ రేవు క్షీణించిన తరువాత పట్టుదలతో కట్టుకున్నవే కావడం గమనించదగినది.

కార్తికమాసంలో చిలకలపూడి పాండురంగస్వామి ఆలయానికి, అక్కడినుంచి మంగినపూడి సముద్రస్నానానికి వచ్చే జనసందోహాన్నీ, మొహర్రంలో మతభేదం లేకుండా పీర్ల వెంట నడిచే మా ఊరివారినీ చూసినవారికి ఇక్కడి కలివిడితనం గురించి వేరే చెప్పనక్కరలేదు.

కొత్త రేవుకు 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. అది పూర్తయి మా పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలు రావాలని అందరిలాగే నేనూ కోరుకుంటున్నాను. అందుకే మీ పత్రిక ద్వారా అధికారులకు రెండు విన్నపాలు. ఒకటి, రేవుతో పాటు వచ్చే పారిశ్రామిక ప్రణాళికల్లో అద్దకందారులకు ఏడాది పొడవునా మంచినీరు, వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు, అసలు సరుకుకు ముద్ర వేసి నేరుగా ఎగుమతి చేసుకునే సదుపాయం చేర్చాలి. రెండవది, కోనేరు సెంటరుకు దగ్గరలో ఒక ప్రదర్శనశాల కట్టి, పాత అచ్చులు, నగల పనిముట్లు, కృష్ణా పత్రిక సంచికలు, వలందుల సమాధులపై ఉన్న రాతల నకళ్లు ఒక్కచోట ఉంచాలి. మన బట్టలను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం శతాబ్దాలు దాటినా భద్రంగా దాచుకుంది. వాటిని అద్దిన ఊరి పిల్లలు తమ తాతల పనితనాన్ని చూడటానికి అంత దూరం వెళ్లలేరు కదా.

మీ విలేఖరులకు కూడా ఒక మనవి. రేవు పనులు చూడటానికి ఈసారి వచ్చినప్పుడు, తిరుగు ప్రయాణంలో పెడనలో ఒక పూట ఆగి, అద్దకం బల్ల దగ్గర నిలబడి ఆ పనివారితో మాట్లాడి రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం.