కార్తీక్ పాల ప్యాకెట్ సంగతి

పద్మా,

నీ ఉత్తరం అందింది. ఆటిజం ఉన్న మన కార్తీక్‌కి 19 నిండాయి, సొంతంగా బతకడానికి కావాల్సిన పనులు, అదే లైఫ్ స్కిల్స్, ఎక్కడ నేర్పిస్తారని అడిగావు. ఎక్కడో చేర్పించేలోపు ఇంట్లోనే మొదలుపెట్టవే. ఒక్క పని పట్టుకో చాలు: సందు చివరి కిరాణా కొట్టు నుంచి అరలీటరు పాల ప్యాకెట్ తేవడం.

మనకి అది ఒక పని. వాడికి పది పన్నెండు. సంచీ తీసుకోవాలి, డబ్బులు జేబులో పెట్టుకోవాలి, గేటు వెయ్యాలి, ముందున్నవాళ్ళ వెనక ఆగాలి, "అరలీటరు పాలు" అని అడగాలి, డబ్బులిచ్చి చిల్లర వచ్చేదాకా కదలకూడదు. నువ్వొకసారి వెళ్ళొచ్చి వరసగా రాసుకో. నేర్పేది మాత్రం చివరి నుంచి. మొదట్లో అన్నీ నువ్వే చేసి, ప్యాకెట్ ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం వాడికి వదులు. అది కుదిరాక చిల్లర తీసుకోవడం, తర్వాత డబ్బులివ్వడం, అలా వెనక్కి రా. ప్రతిసారీ పని ముగించేది వాడే కాబట్టి విసుగు తక్కువ.

లెక్కలు రావని దిగులుపడకు. 28 రూపాయలంటే మూడు పది నోట్లు, 33 అంటే నాలుగు. ఇంతవరకు వస్తే చాలు. ఫోన్‌తో కట్టేటట్టయితే వేరే ఖాతా తెరిచి, అందులో రెండు మూడు వందలకి మించి ఉంచకు.

అసలు చిక్కు నీ నోటితోనే, ఏమనుకోకు. "ఊఁ, తర్వాతేంటి నాన్నా?" అని నువ్వంటూ ఉంటే ఆ మాట కూడా పనిలో ఒక మెట్టయిపోతుంది. నువ్వు అనేదాకా కదలడు. అందుకే పక్కన కాదు, రెండడుగులు వెనక నిలబడు. ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టు. అప్పటికీ కదలకపోతే, తర్వాతి పని బొమ్మ ఉన్న కార్డు మీద వేలు పెట్టు. మాట ఆఖర్న. సైగ మానడం తేలిక, మాట మానడమే కష్టం. రెండో చిక్కు కొట్టాయన. వీణ్ణి చూడగానే జాలిపడి, అడక్కముందే ప్యాకెట్ చేతిలో పెట్టేస్తాడు! "వాడు అడిగేదాకా ఇవ్వకు బాబాయ్" అని ముందే చెప్పి ఉంచు. ఒక్క కొట్టుకే అలవాటు చేస్తే ఇంకోచోట నోరు పెగలదు, రెండు మూడు కొట్లు తిప్పు.

"బండ్లు లేనప్పుడు దాటు" అని మాత్రం చెప్పకు. మన రోడ్ల మీద ఆ మాట పట్టుకుని సాయంత్రందాకా నిలబడతాడు. ఇల్లున్న వైపు కొట్టుతోనే మొదలుపెట్టు. రోడ్డు దాటడం వేరే పాఠం.

ఇక కొట్టు మూసి ఉంటే ఎలా అన్నావు. తట్టుకునే శక్తి హితబోధతో రాదే, మార్పుని కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. వాడి రోజువారీ బొమ్మల పట్టికలో ప్రశ్న గుర్తున్న కార్డొకటి పెట్టు. ఆ కార్డు వస్తే ఏదో మారుతుందని అర్థం. ముందు వాడికి నచ్చే మార్పు, ఇడ్లీకి బదులు దోసె. కొన్నాళ్ళకి పెద్దగా పట్టించుకోనిది. ఆ తర్వాతే, కొట్టాయనతో కూడబలుక్కుని, "పాలు లేవు." ఆ రోజు జేబులో కార్డుండాలి: పాలు లేకపోతే పక్క కొట్టు, అక్కడా లేకపోతే అమ్మకి ఫోన్. ఒకసారికి ఒకే మార్పు. నిద్ర చాలని రోజు, జ్వరమొచ్చిన రోజు, వినాయకచవితి మైకులు మోగే వారం ఈ ప్రయోగాలు వద్దు.

కంగారుకి ఒకటి నుంచి అయిదు అంకెలు పెట్టు. రెండులో గొంతు పెరుగుతుందా, మూడులో చెవులు మూసుకుంటాడా, గమనించి రాయి. హెడ్‌ఫోన్ పెట్టుకోవడం, "నేను బయటికెళ్తా" అని కార్డు చూపించడం ఒకటిలో ఉన్నప్పుడే రోజూ సాధన చేయించాలి. నాలుగులో నేర్పబోతే ఇంకో గొడవ. అయిదుకొస్తే మాటలాపి, జనాన్ని పక్కకి తప్పించి, చోటివ్వు. తేరుకున్నాక ఆ పూట క్లాసు పీకకు. వేళ్ళాడించడం మాన్పించమని మీ అత్తగారన్నారట. దానివల్ల దెబ్బ తగలనంతవరకు వదిలెయ్యి. చాలామంది తమాయించుకునేది అలాగే.

కాయితాల సంగతి రెండు ముక్కలు. వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, లేకపోతే చేయించు. అందులో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. 18 దాటినవాళ్ళకి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకుల్ని నియమించే కమిటీ జిల్లాలో కలెక్టరు దగ్గర ఉంటుంది. వాడు సొంతంగా ఏమేం నిర్ణయించుకోగలడో తేలకముందే దానికి తొందరపడొద్దని నా మాట. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థ ఉంది, అక్కడికి ఒకసారి తీసుకెళ్ళి పరీక్ష చేయించు.

ఒక కాయితం మీద మెట్లన్నీ రాసి, ప్రతి మెట్టుకెదురుగా తానే చేశాడా, సైగ కావాల్సివచ్చిందా, మాటా, చెయ్యిపట్టుకోవడమా అని రోజూ గుర్తు పెట్టు. వారం తర్వాత ఫొటో తీసి పంపితే ఎక్కడ ఆగుతున్నాడో చూసి చెప్తాను. అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
వసుధ