సొరంగం దగ్గరి నడకను ఈ సీజన్ నుంచి ఆపేస్తున్నాం

శృంగవరపుకోట నుంచి అనంతగిరి, బొర్రా, అరకు వైపు చిన్న బృందాలను తీసుకువెళ్లే మా సంస్థ మీద నమ్మకముంచి, అక్టోబరు నుంచి జనవరి వరకు చోటు ఖాయం చేసుకున్న వారందరికీ నమస్కారం. మీరు డబ్బు కట్టినప్పుడు చూపిన కార్యక్రమంలో ఒక ముఖ్యమైన మార్పు చేస్తున్నాం. దానికి కారణం నా తప్పే కనుక, ఉన్నదున్నట్టు మీకు చెప్పాలి.

ఇంతవరకు మా యాత్రలో విశాఖపట్నం నుంచి ఉదయం కిరండూల్ వెళ్లే పాసింజరులో బొర్రా గుహలు స్టేషన్‌కు చేరి, పట్టాల పక్కన కొంత దూరం నడిచి, ఒక సొరంగం ముందు ఫొటోలు దిగి, ఆ తర్వాత కటికి జలపాతం వైపు వెళ్లేవాళ్లం. ఆ ఫొటోలు చూసే చాలామంది మా దగ్గరకు వచ్చారు. గత డిసెంబరులో పన్నెండుమంది అక్కడ నిలబడి ఉండగా, మలుపు చాటు నుంచి ఖనిజం నింపుకున్న గూడ్సు బండి దిగివచ్చింది. విద్యుత్ ఇంజన్లు పల్లంలోకి దిగుతున్నప్పుడు మనం అనుకున్నంత ముందుగా వినిపించవు, వినిపించినా కొండల మధ్య ఆ చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో వెంటనే తెలియదు. అందరూ కొండగోడకు ఆనుకుని నిలబడ్డారు, ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ పిల్లవాడిని గుండెకు హత్తుకుని నిలబడిన ఆ తల్లి ముఖం నేను మరచిపోలేకపోతున్నాను. అనుమతి లేకుండా పట్టాల వెంట నడవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరమని నాకు అప్పటికే తెలుసు. అందరూ నడుస్తున్నారు కదా అని నేనూ నడిపించాను. ఆ రోజు వచ్చినవారికి విడిగా క్షమాపణ చెప్పుకున్నాను, ఇప్పుడు మీ అందరికీ చెప్పుకుంటున్నాను.

నిజానికి ఈ రైలు దారి పర్యాటకుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గమిది. ఇప్పటికీ ఇక్కడ ఖనిజం బండ్ల రాకపోకలే ఎక్కువ కాబట్టి పాసింజరు ఆలస్యమయ్యే రోజులు ఉంటాయి. ఈ మార్గాన్ని చూడవలసిన చోటు బోగీ కిటికీయే. బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెట్టి శివలింగపురం, త్యడ, చిమిడిపల్లి మీదుగా పైకి పోతూ ఉంటే, ఒక సొరంగం చీకటి నుంచి బయటపడిన ప్రతిసారీ లోయ ఇంకాస్త లోతుగా కనిపిస్తుంది. మొత్తం మార్గంలో 58 సొరంగాలున్నాయి. అరకు దాకా వెళ్లేవారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్‌నూ చూడవచ్చు. 2017లో వచ్చిన అద్దాల బోగీ బాగుంటుంది, కానీ అందులో సీట్లు త్వరగా నిండిపోతాయి. ఆ టికెట్లు మేము ఇప్పించలేము, రైల్వే వారి దగ్గర మీరే తీసుకోవాలి. అది దొరకలేదని బాధపడవద్దు. మామూలు బోగీలో తెరిచిన కిటికీ దగ్గర అడవి గాలి, తడి మట్టి వాసన కూడా అందుతాయి, నాకైతే అదే ఇష్టం.

ఇకపై బొర్రాలో దిగాక స్టేషన్ నుంచి నేరుగా రోడ్డుకు వచ్చి, జీపులో ఒక కాఫీ తోట దాకా వెళ్లి, ఆ రైతు అనుమతితో అడవి అంచున నడుస్తాం. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, నవంబరు తర్వాత ఎర్రబడిన కాఫీ పళ్లు కోసే మనుషులు, దారిలో పసుపుపచ్చని వలిసె చేలు కనిపిస్తాయి. వలిసె నూనెగింజల పంట కనుక గట్టు మీద నుంచే చూడాలి, ఫొటో కోసం చేలోకి దిగనివ్వము. దారి చూపేది ఆ తోట ఉన్న ఊరి యువకులే.

బృందానికి ఇకపై ఎనిమిదిమందినే తీసుకుంటాం. దారి చూపేవారి కూలి, తోట రైతుకు ఇచ్చే రుసుము కలిపి, కొత్తగా వచ్చేవారికి ఒక్కొక్కరికి రూ. 400 పెరుగుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవారి నుంచి అదనంగా ఏమీ తీసుకోము. సొరంగం కోసమే రావాలనుకున్నవారు ఈ నెలాఖరులోగా చెబితే మొత్తం డబ్బు వాపసు ఇస్తాం. కటికి జలపాతం కార్యక్రమంలో అలాగే ఉంటుంది, అక్కడికి జీపు దారినే వెళతాం. బండి ఆలస్యమైతే నడక కూడా ఆలస్యంగానే మొదలవుతుంది, దూరం మాత్రం తగ్గించము. అక్టోబరులో వచ్చేవారు జారని బూట్లు, పొడవాటి మేజోళ్లు తెచ్చుకోండి. వానలు పూర్తిగా వెనుదిరిగే దాకా తోటల్లో జలగలు ఉంటాయి.