శ్రీరామనవమి పందిరి జమాఖర్చులు, చిల్లర డబ్బాల సంగతి

గ్రామస్థులందరికీ నమస్కారం. ఈ ఏటి నవమి లెక్కలు రామాలయం అరుగు మీద చదివి వినిపించాం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం, ఏటా మిగిలిన చిల్లర పోసి ఉంచిన డబ్బాల గురించి ఊళ్లో తలా ఒక మాట వినిపిస్తున్నందున కూడా, రాసి ఇస్తున్నాం.

జమ: నిరుటి నిల్వ 11,240 రూపాయలు. ఇంటింటి చందాలు 1,18,500. పాత కాసుల వేలంపాటలో వచ్చినవి 8,650. డబ్బాల్లో దొరికిన రూపాయలు, అర్ధరూపాయలు బ్యాంకులో వేయగా 1,372.50. మొత్తం 1,39,762.50.

ఖర్చు: తాటాకు పందిరికి కూలీతో కలిపి 31,000. షామియానా అయితే చవకలో పోయేదని కొందరన్నారు. చైత్రమాసపు ఎండలో షామియానా కింద కూర్చుని కల్యాణం చూసిన వారెవరూ ఆ మాట అనరు. కల్యాణ సామగ్రికి, పురోహితుల సంభావనకు 24,800. పానకం, వడపప్పు 9,350. అన్నదానానికి 48,600, సార్వా బియ్యం రైతులు, కొబ్బరికాయలు తోటల వారు ఇచ్చారు కనుక ఆ పద్దులు ఇందులో లేవు. మైకు, దీపాలు, జనరేటరు 14,500. బడికి ఇచ్చిన నాణేల పటానికి 850. నాణేలను బ్యాంకుకు చేర్చిన ఆటోకు, సంచులకు 640. మొత్తం 1,29,740. నిల్వ 10,022.50.

ఇక డబ్బాల సంగతి. ఏటా లెక్క తేలాక మిగిలిన చిల్లరను ‘వచ్చే ఏడాది చూద్దాం’ అని కిరసనాయిలు డబ్బాలో పోయడం మన ఊరి ఆనవాయితీ. అలా రెండు డబ్బాలు నిండాయి. 1986 వరద నీళ్లూ వాటిలోకి వెళ్లాయి, 1996 తుపానులో పైన పెంకులు ఎగిరిపోయినా వాటిని ఎవరూ కదపలేదు. ఒక్క ఏడాది కూడా ఆ డబ్బు జమలో చూపలేదు. ఈసారి గుడికి సున్నం వేయడానికి సామాను బయట పెట్టినప్పుడు చాప పరిచి గుమ్మరించాం. అడుగున చిల్లు కాణీలు, అంచులు వంకీలు తిరిగిన అణాలు, నలుచదరపు బేడలు (రెండణాల నాణేలు) ఉన్నాయి. వాటి పైన 1957లో మొదలైన నయాపైసలు, ఆరు పలకల మూడు పైసలు, అల్యూమినియం పది పైసలు, ఖడ్గమృగం బొమ్మ పావలాలు.

రూపాయలు 786, అర్ధరూపాయలు 1,173 తేలాయి. అర్ధరూపాయి చెల్లదని దుకాణాల్లో అంటారు గానీ, అది ఇప్పటికీ చెల్లుతుంది. చట్టం పెట్టిన హద్దల్లా, ఒకరికి ఒకేసారి పది రూపాయలకు మించి అర్ధరూపాయలు అంటగట్టకూడదనే. బ్యాంకులో వేయడానికి ఆ హద్దు లేదు. కౌంటరులో మొదట మొహం చిట్లించారు. రిజర్వు బ్యాంకు సూచించినట్లే నూరేసి చొప్పున సంచులు కట్టి తీసుకెళ్లామని చూపించాక తీసుకున్నారు.

పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటులో లేవు. మన డబ్బాల్లో అటువంటివి 1,486 రూపాయలకు సరిపడా ఉన్నాయి. జూన్ 29 లోపల బ్యాంకుకు తీసుకెళ్లి ఉంటే రూపాయికి రూపాయి చేతికి వచ్చేది. ఆ సంవత్సరపు కమిటీ పెద్దలు దీన్ని నిష్ఠూరంగా తీసుకోవద్దు. కానీ ఊరి డబ్బు పోయిన మాట పోయినట్లే రాయాలి.

వీటిని ఏం చేయాలన్న దాని మీద పొద్దుపోయేదాకా వాదన జరిగింది. కరిగించి గుడికి గంట పోయిద్దామని ఒక పెద్దాయన పట్టుబట్టారు. గంటకు కంచు కావాలి. మన దగ్గర ఉన్నది ఎక్కువ భాగం అల్యూమినియం, ఉక్కు. వాటితో గంట పోస్తే కంచులా మోగదు. పైగా చెల్లుబాటులో ఉన్న నాణేలను కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో కొలిమి దగ్గర ఏరుకుంటూ కూర్చునే పని కమిటీకి వద్దనుకున్నాం.

ఖడ్గమృగం పావలాకు లక్షలు వస్తాయని కుర్రవాళ్లు ఫోనులో వీడియో చూపించారు. కొంటానన్న పెద్దమనిషి ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము పంపమన్నాడు. సరిగ్గా ఇటువంటి వారి గురించే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత సామాను వర్తకుడు కిలోల లెక్కన తీసుకుంటానన్నాడు. మొక్కుకుని వేసిన డబ్బును తూకానికి ఇవ్వడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. వారి మాటే నెగ్గింది.

చిల్లు కాణీలను, అణాలను, బేడలను మాత్రం నవమి నాడు వేలం వేశాం. ఎవరు కొంటారులే అనుకుంటే, చిల్లు కాణీలకే పోటీ వచ్చింది. మనవళ్ల మొలతాడుకు కట్టడానికని అమ్మమ్మలు, నాయనమ్మలు హైదరాబాదు నుంచి వచ్చిన వారిని కూడా పాటలో వెనక్కి నెట్టారు. దక్కని వారు కొందరు ఇంకా అలుగుతూనే ఉన్నారు. ఏం చేయగలం, ఉన్నవే 41.

రకానికి ఒకటి చొప్పున అద్దాల పటం కట్టించి మన బడికి ఇచ్చాం. మిగిలినవి 28 కిలోలు. వాటిని నగదు పుస్తకంలో కాక సామాను రిజిస్టరులో, గుండిగలు, గంగాళాల తరువాత పద్దుగా రాశాం. చందా ఇచ్చిన ఇంటివారు పిల్లలకు చూపించడానికి గుప్పెడు కావాలంటే సంతకం పెట్టి తీసుకోవచ్చు. ఇకపై నవమి అయిన వారం లోపల చిల్లరంతా బ్యాంకులో పడాలని తీర్మానించాం. ఖాళీ డబ్బాల్లో ఒకటి పందిరి మేకులకు ఉంచాం, రెండోది తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది.

రసీదులు, వోచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం పొద్దున రామాలయం దగ్గర ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరాలు ఉంటే దసరా లోపు రాసి ఇవ్వండి.