తమ్మీ, నాలుగు డిస్కులు పంపుతున్నా, అందులో రెండు ఒకటే రకం

టాంపెరే (ఫిన్లాండ్) నుంచి

తమ్మీ,

ఎట్లున్నావు? మొన్న వీడియోకాల్‌లో బాపు మెట్లు దిగుతుంటే చూశాను, మోకాలు ఇంకా తగ్గినట్టు లేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని అమ్మకు చెప్పాను, నువ్వు కూడా వెంట పో, ఆయన ఒక్కడైతే "ఏం లేదు, బాగానే ఉంది" అని చెప్పి తిరిగొస్తాడు.

ఇక నీ డిస్క్ గోల్ఫ్ లిస్టు సంగతి, అదే, డిస్కును వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసుల బుట్టలో వేసే ఆటకు నువ్వు అడిగినవి. చూశాను. అన్నీ దూరం పోయే డ్రైవర్ డిస్కులే రాశావు, అందులో డెస్ట్రాయర్ అయితే రెండు రంగుల్లో అడిగావు. మీ బావ ఆఫీసులో పనిచేసే ఒక కరీంనగర్ అన్న వచ్చే నెల ఇంటికి వస్తున్నాడు, ఆయన పెట్టెలో నాలుగు డిస్కులకు చోటిచ్చాడు. ఒక్కోటి 170 గ్రాముల చుట్టూ ఉంటుంది కాబట్టి నాలుగూ కలిపినా ముప్పావు కిలో దాటదు, అయినా ఆయన సామానే ఆయనకు ఎక్కువైంది, ఇంకో రెండు పట్టవా అని అడగడం నాకు ఇష్టం లేదు. అందుకే నాలుగే, అందులో డెస్ట్రాయర్ లేదు. ఎందుకు లేదో చెప్తాను, పూర్తిగా చదివాకే అలుగు.

డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి. వరుసగా స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. స్పీడ్ అంటే డిస్కు ఎంత వేగంగా పోతుందని కాదు, అది సరిగ్గా ఎగరాలంటే నువ్వు ఎంత వేగంగా విసరాలని. గ్లైడ్ అంటే గాలిలో ఎంతసేపు నిలబడుతుందని. టర్న్ అంటే వేగం మీద ఉన్నప్పుడు ఎటు ఒరుగుతుందో (మైనస్ అంకె పెద్దదైతే ఎక్కువ ఒరుగుతుంది), ఫేడ్ అంటే వేగం తగ్గాక చివర్లో ఎటు వాలుతుందో. డెస్ట్రాయర్ స్పీడ్ 12. దాని అంచు వెడల్పే రెండు సెంటీమీటర్ల పైన ఉంటుంది, చేత్తో పట్టుకుంటేనే వేళ్లకు తెలుస్తుంది ఇది ఎవరి కోసం చేశారో. తక్కువ స్పీడ్ డిస్కును వంద మీటర్లు దాటించగలిగే చెయ్యి ఉన్నవాళ్లకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల చేతిలో అది ఎగరదు, సగం దారిలోనే పక్కకు కోసుకుంటూ పడిపోతుంది. పైగా నీ చెయ్యి ఎక్కడ తప్పుతోందో కూడా అది నీకు చెప్పదు, బాగా విసిరినా పక్కకే పోతుంది, తప్పుగా విసిరినా పక్కకే పోతుంది, ఇంక ఏం నేర్చుకుంటావు?

ఇంకొకటి, నువ్వు ఎడమచేతివాటం. వీడియోల్లో అందరూ చెప్పే లెక్క కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి విసిరేవాళ్లది. వాళ్లకు డిస్కు చివర్లో ఎడమకు వాలితే నీకు కుడికి వాలుతుంది. ఎడమచేతికని వేరే డిస్కులు ఉండవు, అవే డిస్కులు, దిక్కు మాత్రం తిప్పి చదువుకో.

ఇప్పుడు నేను పంపేవి. రెండు ఏవియర్లు, ఒక బజ్, ఒక లెపర్డ్.

ఏవియర్ పుట్టర్, అంటే బుట్ట దగ్గర నుంచి వేసే డిస్కు, అంకెలు 2, 3, 0, 1. పుట్టర్ లేకుండా ఈ ఆట మొదలుపెట్టడం స్ట్రైకర్ లేకుండా క్యారమ్స్ ఆడినట్టు. ఆటలో చివరి విసురు ఎప్పుడూ దానిదే, అక్కడ పోయిన పాయింటు ఎంత దూరం విసిరినా తిరిగి రాదు. అంచు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, లోపలి వైపు చూపుడువేలు ఆనిస్తే హాయిగా కూర్చుంటుంది. రెండెందుకు అంటావేమో. ఒకటే ఉంటే విసరడం, నడవడం, తేవడం, మళ్లీ విసరడం, దానికే పొద్దు గడిచిపోతుంది. రెండూ ఒకే బరువు, ఒకే ప్లాస్టిక్ తీసుకుంటే మొదటిది ఎక్కడ తప్పిందో చెయ్యి మరిచిపోకముందే రెండోది వేసి సరిదిద్దుకోవచ్చు. పక్కింటి సాయిగాడు కూడా వస్తానన్నాడు కదా, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి విసురుకుంటూ పట్టుకోవచ్చు కూడా. కానీ ఒక్క మాట, పుట్టర్లతోనే పట్టుకునే ఆట. లెపర్డ్‌ను ఎదురుగా వచ్చేటప్పుడు చేత్తో పట్టుకోవద్దు, అంచు పదునుగా ఉంటుంది, వేళ్లు విరుగుతాయి.

బజ్ మిడ్‌రేంజ్, అంటే మధ్య దూరాలకు వేసేది, 5, 4, మైనస్ 1, 1. నాకు నాలుగిట్లో దీని మీదే నమ్మకం ఎక్కువ. ఇక్కడ కోర్సులు ఎక్కువగా పైన్ చెట్ల మధ్యే ఉంటాయి, చెట్టుకూ చెట్టుకూ మధ్య నాలుగడుగుల సందులోంచి పంపాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి తనంతట తాను దీని మీదికే పోతుంది. వాల్చి వదిలితే వాలే పోతుంది, సమంగా వదిలితే తిన్నగా పోతుంది. ఒక్కటే డిస్కు పంపగలను అంటే నేను దీన్నే పంపేదాన్ని.

లెపర్డ్ 6, 5, మైనస్ 2, 1. నీ దూరం పిచ్చికి ఇది. కొద్దిపాటి వేగానికే లేస్తుంది, నీ చేతి నుంచి వెళ్లేటప్పుడు కాస్త ఎడమకు ఒరిగి చివర్లో కుడికి వచ్చి దిగుతుంది. ఎదురుగాలిలో మాత్రం దీన్ని నమ్మకు. గాలి ఎదురొస్తే డిస్కు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది, నీకు ఎడమవైపు ఎక్కడికో పోతుంది. గాలి వీపున ఉంటే ఉల్టా, ఒరగకుండా తొందరగా కిందికి దిగుతుంది. ఎదురుగాలి రోజు బజ్ కిందకు వేసి ఆడుకో. గాలికి తట్టుకునే జోన్ అనే డిస్కు లాంటిది ఒకటి ఉంటే బాగుండేది, అది వచ్చేసారి నేనే తెస్తా.

ప్లాస్టిక్ గురించి. పుట్టర్లు మామూలు ప్లాస్టిక్‌లోనే తీసుకుంటున్నా, చౌక అని కాదు, చేతికి పట్టు బాగుంటుంది, చెమట చేతిలో జారదు. లెపర్డ్ మాత్రం ఖరీదు ప్లాస్టిక్‌లో. మన దగ్గర నేల సంగతి తెలుసు కదా, పద్మాక్షి గుట్ట వైపు ఎటు పడినా బండే, మామూలు ప్లాస్టిక్ నాలుగు దెబ్బలకే అంచు లేచిపోతుంది. అంచు అరిగిన డిస్కు ముందుకంటే ఎక్కువ ఒరగడం మొదలుపెడుతుంది, లెపర్డ్ ముందే ఒరిగేది, ఇంకా ఒరిగితే పనికిరాదు. ఎండాకాలం కారులోనో బండి డిక్కీలోనో పెట్టి మరిచిపోకు, వంకర పోతాయి.

బుట్టలు లేవు అక్కా ఎక్కడ ఆడాలి అన్నావు. 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొట్టమొదటి శాశ్వత కోర్సు వేసినప్పుడు అక్కడ పాతింది ఉత్త గుంజలే, గొలుసుల బుట్ట ఆ తర్వాత ఆయనే తయారుచేశాడు. వేపచెట్టు మొదలుకు నడుము నుంచి ఛాతీ దాకా పాత చున్నీ ఒకటి చుట్టు, దానికి తగిలితే పడినట్టే. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్లు ఉంటారు, వాళ్లు పూర్తిగా పక్కకు వెళ్లేదాకా చేతిలోంచి డిస్కు కదలకూడదు, ఎవరైనా చూడకుండా అడ్డం వస్తే గట్టిగా అరువు, సిగ్గుపడకు. కాకతీయ యూనివర్సిటీ లోపల చెట్ల కింద అయితే ఇంకా మంచిది, ముందు సెక్యూరిటీ వాళ్లను అడుగు. భద్రకాళి చెరువు కట్ట మీద, వడ్డేపల్లి చెరువు దగ్గర మాత్రం వద్దే వద్దు. చాలా డిస్కులు నీళ్లలో మునుగుతాయి, పోతే పోయినట్టే, దాని కోసం నువ్వు దిగుతావేమోనని నాకు అదే టెన్షన్.

కిందటేడు, 2025లో, ప్రపంచ పోటీలు ఇక్కడే నోకియాలో, టాంపెరేలో జరిగాయి. నోకియా అంటే ఫోనే అనుకుంటాం కానీ అది మా పక్క ఊరు. పెద్ద ఆటగాళ్ల బ్యాగుల్లో ఇరవై పైచిలుకు డిస్కులు ఉంటాయి. గోల్ఫ్‌లో కర్రలు 14కు మించకూడదని రూలు ఉంది, ఇందులో అలాంటి లెక్క లేదు, ఎన్నైనా మోసుకోవచ్చు. కానీ వాళ్లకు ప్రతి డిస్కు ఏ గాలికి ఎంత వంగుతుందో తెలుసు, అరిగిన బజ్ వేరే, కొత్త బజ్ వేరే అని రెండూ పెట్టుకుంటారు. నువ్వు ముందు ఈ మూడు రకాలు ఎట్లా పోతాయో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా ఆడు. ఆ తర్వాత ఏది కావాలో నీకే తెలుస్తుంది, అప్పుడు డెస్ట్రాయర్ అడిగినా కాదనను.

రాగానే వెనక వైపు నీ పేరు, ఫోన్ నంబరు పర్మనెంట్ మార్కర్‌తో రాయి. ఇక్కడ అందరూ రాస్తారు, పొదల్లో దొరికినవాళ్లు మెసేజ్ పెట్టి మరీ ఇస్తారు.

నాకు రెండు సంగతులు ఆదివారం లోపు చెప్పు, ఆ తర్వాత షాపుకు పోయే తీరిక ఉండదు. ఒకటి, లెపర్డ్ 165 గ్రాముల్లో తీసుకోనా, 172లో తీసుకోనా? పోటీల రూలు ప్రకారం వ్యాసం సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు, అందుకే చాలా డిస్కులు 175 దగ్గర ఆగిపోతాయి. తేలికది తొందరగా లేస్తుంది, బరువుది గాలికి కాస్త ఆగుతుంది. నేనైతే 165 అంటాను. రెండోది రంగు. ఎరుపు వద్దు, మన మట్టిలో కలిసిపోతుంది, ఎండిన గడ్డిలో పసుపు కనపడదు, వానలు పడ్డాక ఆకుపచ్చ అసలే కనపడదు. గులాబీ రంగు తీసుకుందామని ఉంది, నువ్వు మగపిల్లాడి రంగు కాదు అనకు.

అన్న తిరిగొచ్చేటప్పుడు పెట్టె ఖాళీగానే ఉంటుందట, అమ్మకు చెప్పు, సకినాలు స్టీలు డబ్బాలో పెడితేనే విరగకుండా వస్తాయని.

మీ అక్క